పురుగుకు మేపేది ఏమిటి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మనుషుల ఆహారం కోసం కీటకాలను పెంచడం పర్యావరణానికి ఎంతవరకు మేలు చేస్తుందన్న విషయం మీద కొంతకాలంగా ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో ఒకే ప్రశ్నను వేర్వేరు మాటల్లో అడిగినవాటిని కలిపి, ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్న విద్యార్థినిని. మాంసం మానేసి కీచురాళ్లు, పిండి పురుగులు తింటే వాతావరణ మార్పును చాలావరకు అరికట్టవచ్చని ఎక్కడ చూసినా రాస్తున్నారు. పశుమాంసంతో పోలిస్తే వీటి పెంపకంలో వెలువడే వాయువులు నామమాత్రమేనని అంటున్నారు. ఇది నిజమేనా?

జవాబు: పశుమాంసంతో పోల్చినంతవరకు మీరు చదివినది నిజమే, అందులో సందేహం అక్కర్లేదు. అయితే పోలికను పశుమాంసం దగ్గరే ఆపేయడం వల్ల ఈ చర్చ ఒక పక్కకు ఒరిగిపోయిందని నా అభిప్రాయం. అందుకే కొంచెం నిదానంగా చూద్దాం.

ఈ వాదానికి ప్రపంచమంతటా ఊపు తెచ్చింది ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో వెలువరించిన నివేదిక. మనుషులు తినే కీటక జాతులు 1,900కు పైగా ఉన్నాయని చెబుతూ, కిలో బరువు పెరగడానికి కీచురాయికి 1.7 కిలోల దాణా సరిపోతుందని, కోడికి 2.5 కిలోలు, పందికి 5 కిలోలు, మాంసం కోసం పెంచే పశువుకు 10 కిలోలు కావాలని ఆ నివేదిక లెక్క చూపింది. పైగా కీచురాయి శరీరంలో 80 శాతం దాకా తినడానికి పనికివస్తే, కోడిలోనూ పందిలోనూ 55 శాతం, పశువులో 40 శాతం మాత్రమే పనికివస్తుందని కూడా అందులో ఉంది.

ఈ తేడాకు కారణం శరీరధర్మంలోనే ఉంది. పశువులు, కోళ్లు తిన్న తిండిలో పెద్ద భాగాన్ని ఒంటి వేడిని నిలుపుకోవడానికే ఖర్చు చేస్తాయి. కీటకాలకు ఆ ఖర్చు లేదు కనుక తిన్నదానిలో ఎక్కువ భాగం ఒంటికి పడుతుంది. నెమరువేసే పశువుల కడుపులో పుట్టే మీథేన్, వందేళ్ల కాలానికి లెక్కగడితే, కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. 2010లో శాస్త్రవేత్తలు ఐదు కీటక జాతులను కొలిచి చూసినప్పుడు కీచురాయి, మిడత, పిండి పురుగుల (ఇంగ్లీషులో మీల్‌వార్మ్) నుంచి మీథేన్ వెలువడలేదు. ఒక జాతి బొద్దింక, ఒక జాతి పెంకు పురుగు మాత్రం దాన్ని వదిలాయి. చెదలు కూడా మీథేన్‌ను వదిలేవే. కాబట్టి కీటకం అన్న ఒక్క మాట కింద అన్నింటినీ కట్టగట్టి మాట్లాడటం ఇక్కడే తప్పుదారి పట్టిస్తుంది.

నెదర్లాండ్స్‌లో ఒక పిండి పురుగుల పెంపక కేంద్రాన్ని ఆధారం చేసుకుని, దాణా పంట మొదలుకొని పురుగు చేతికి వచ్చేదాకా అయ్యే భారాన్నంతా లెక్కించిన అధ్యయనం 2012లో వచ్చింది. ఒక హెక్టారు నేలతో ఎంత పురుగు మాంసకృత్తు చేతికి వస్తుందో, అంతే మాంసకృత్తును పాల రూపంలో పొందడానికి రెండున్నర హెక్టార్లు, కోడి లేక పంది మాంసం రూపంలో పొందడానికి రెండు నుంచి మూడున్నర హెక్టార్లు, పశుమాంసం రూపంలో పొందడానికి పది హెక్టార్లు కావాలని అది తేల్చింది. అడవిని నరికి మేత పొలాలుగా మార్చుతున్న కాలంలో ఈ సంఖ్య చిన్నదేమీ కాదు. హరితగృహ వాయువుల విషయంలోనూ పురుగుదే పైచేయి అయింది. శక్తి వినియోగంలో మాత్రం అలా కాలేదు: ఆ లెక్కలో పిండి పురుగు పాలకంటే, కోడి మాంసం కంటే ఎక్కువ శక్తిని తీసుకుని, ఇంచుమించు పంది మాంసంతో సమానంగా నిలిచింది.

ఇక రెండో వైపు చూడాలి. నివేదికలో కోడికి చూపిన 2.5 కిలోల దాణా లెక్క నేటి బ్రాయిలర్ కోడికి వర్తించదు. మేలైన యాజమాన్యంలో అది కిలో బరువుకు రెండు కిలోల లోపే తింటోంది. అంటే కీచురాయికి, కోడికి మధ్య ఉన్న దూరం మనం అనుకున్నంత లేదు. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కీచురాళ్లను పెద్ద సంఖ్యలో పెంచి చూసినప్పుడు, కోళ్ల దాణా వంటి ధాన్యపు దాణా మీద పెరిగిన కీచురాళ్లు ఆ దాణాలోని మాంసకృత్తులో 35 శాతాన్ని తమ శరీరంలో నిలుపుకున్నాయి. ఇది కోడి సాధించే స్థాయికి దగ్గరగానే ఉంది.

మరొక చిక్కు మాంసకృత్తును కొలిచే పద్ధతిలో ఉంది. సాధారణంగా ఆహారంలోని నైట్రోజన్‌ను కొలిచి, దాన్ని 6.25తో గుణించి మాంసకృత్తు ఇంత అని చెబుతారు. కాని కీటకాల పైపెంకులో ఉండే కైటిన్ అనే పదార్థంలో కూడా నైట్రోజన్ ఉంటుంది, అది మాంసకృత్తు కాదు. అందుకే పిండి పురుగుల వంటి లార్వాలకు 4.76తో గుణించడమే సరైనదని 2017లో పరిశోధకులు లెక్కగట్టారు. అంటే పాత లెక్కలో 100 గ్రాములుగా కనిపించిన మాంసకృత్తు నిజానికి 76 గ్రాములే. గ్రాము మాంసకృత్తుకు ఇంత నేల, ఇంత వాయువు అని చెప్పే ప్రతి పోలికా ఈ సవరణతో కొంత వెనక్కి జరుగుతుంది. చాలా వ్యాసాల్లో ఈ మాట రాకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

అన్నింటికంటే ముఖ్యమైనది చివరకు చెబుతున్నాను. 119 దేశాల్లోని సుమారు 38,700 పొలాల సమాచారాన్ని కూర్చి 2018లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, 100 గ్రాముల మాంసకృత్తుకు వెలువడే వాయువులు, కార్బన్ డయాక్సైడ్ కొలతలో, మాంసం కోసమే పెంచే పశువులకు సగటున 50 కిలోలు, కోడి మాంసానికి 5.7 కిలోలు, బఠాణీలకు 0.4 కిలో. పశువుకు, కోడికి మధ్య ఎంత అగాధం ఉందో, కోడికి, బఠాణీకి మధ్య కూడా అంతకు తక్కువ కాని నిష్పత్తి ఉంది. ధాన్యం, సోయా మేపి పెంచిన పురుగు ఎంత పొదుపైనదైనా, ఆ గింజకు, మనిషికి మధ్య చేరిన ఒక మెట్టే. ఆ మెట్టు దగ్గర ఎంతో కొంత పోక తప్పదు. పశుమాంసం తినేవారు కీచురాయికి మారితే లాభం పెద్దది. కోడి తినేవారు మారితే లాభం చిన్నది, పెంపకం సరిగా లేకపోతే అది కూడా ఉండదు. పప్పుధాన్యాలు తినేవారు మారితే భూమికి నష్టమే.

ప్రశ్న: కీటకాలు చెత్తను తిని బతుకుతాయి కదా. వంటింటి వ్యర్థాలు, మిగిలిపోయిన భోజనం మేపి పెంచితే దాణా సమస్యే ఉండదు. అలా ఎందుకు చేయడం లేదు?

జవాబు: ఈ ఆలోచన దగ్గరే కీటకాల పెంపకానికి అసలైన బలం ఉంది, అసలైన అడ్డంకి కూడా ఇక్కడే ఉంది. మనుషులు గాని పశువులు గాని తినలేని పదార్థాన్ని పురుగు ఆహారంగా మార్చగలిగితే, పై జవాబులో నేను చెప్పిన మెట్టు నష్టం కాదు, అదనపు రాబడి అవుతుంది. కాని అది మాటల్లో ఉన్నంత తేలికగా జరగడం లేదు.

పైన చెప్పిన 2015 నాటి ప్రయోగంలోనే, గడ్డీ గాదం మీద, పెద్దగా శుద్ధి చేయని వంట వ్యర్థాల మీద పెంచిన కీచురాళ్లలో 99 శాతానికి పైగా కోతకు వచ్చే పరిమాణం అందుకోకుండానే చనిపోయాయి. దుకాణాల్లో మిగిలిన ఆహారాన్ని కర్మాగారంలో ఎంజైములతో జీర్ణింపజేసి తయారు చేసిన దాణా మీద మాత్రం అవి పెరిగాయి. కాని ఆ శుద్ధికి యంత్రాలు, శక్తి, రవాణా కావాలి. కీచురాయి మనం ఊహించుకున్నట్టు ఏది పెడితే అది తిని పెరిగే జీవి కాదు. మంచి దాణా ఉంటేనే మంచి పెరుగుదల. వ్యర్థాలను నిజంగా అరిగించుకోగల సత్తా బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాకు ఉంది. అయితే దాన్ని ఇప్పటివరకు ఎక్కువగా చేపలకు, కోళ్లకు, పెంపుడు జంతువులకు దాణాగానే వాడుతున్నారు. అలా వాడినప్పుడు మెట్లు రెండవుతాయి, ఒకటి పురుగు, ఇంకొకటి చేపో కోడో.

రెండో అడ్డంకి చట్టం. యూరోపియన్ సమాఖ్యలో పెంపకపు కీటకాలను కూడా పశువుల జాబితాలోనే చేర్చారు. అందువల్ల హోటళ్లలో, ఇళ్లలో మిగిలిన భోజనాన్ని గాని, పేడను గాని వాటికి మేపడం నిషేధం. ఈ నిబంధనల వెనుక, పశువుల అవశేషాలనే పశువులకు మేపడం వల్ల వ్యాపించిన పిచ్చి ఆవు వ్యాధి కాలం నాటి చేదు అనుభవం ఉంది, కాబట్టి వాటిని అనవసరమైన ఆంక్షలని కొట్టిపారేయలేం. కుళ్లిన వ్యర్థాల్లోని సీసం, కాడ్మియం వంటి లోహాలు పురుగు శరీరంలో పేరుకునే అవకాశం ఉన్నప్పుడు, ఆ పురుగును నేరుగా మనిషి తినబోతున్నప్పుడు జాగ్రత్త తప్పదు.

మరి మధ్యే మార్గం లేదా అంటే ఉంది. గోధుమ తవుడు, బీరు తయారీలో మిగిలే పిప్పి, నూనె తీసిన చెక్క, కూరగాయల శుద్ధిలో తీసేసిన తొక్కలు వంటి శుభ్రమైన ఉపఉత్పత్తుల మీద పిండి పురుగు చక్కగా పెరుగుతుంది. ఇక్కడ ఒక ప్రశ్న మాత్రం తప్పక వేసుకోవాలి: ఆ తవుడు, ఆ చెక్క ఇంతకుముందు ఎక్కడికి పోయేవి? పారబోసేవారైతే పురుగుకు మేపడం పూర్తి లాభం. కాని వీటిలో చాలావాటిని ఎప్పటినుంచో పశువుల దాణాలో వాడుతూనే ఉన్నారు. వాటిని పురుగుల వైపు మళ్లిస్తే, పశువుల కోసం మరో చోట మరో పంట పండించాల్సి వస్తుంది, ఆ భారం మన లెక్క పుస్తకంలో కనిపించదు.

ప్రశ్న: కీటకాలకు సొంత ఒంటి వేడి ఖర్చు లేదని చెబుతారు, మళ్లీ పెంపక కేంద్రాల్లో హీటర్లు నడుపుతారు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి విరుద్ధం కాదా?

జవాబు: విరుద్ధం కాదు, ఒకే నాణేనికి ఉన్న రెండు ముఖాలు. తన వేడిని తాను పుట్టించుకోని జీవి చుట్టూ ఉన్న గాలి వేడి మీద ఆధారపడుతుంది. పిండి పురుగు, కీచురాయి వేగంగా పెరగాలంటే దాదాపు 27 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి నిలకడగా ఉండాలి. చల్లబడితే అవి చావకపోయినా పెరుగుదల వారాల తరబడి వెనకబడుతుంది. చలి దేశాల్లో ఈ వేడిని గ్యాసు మండించి సమకూర్చాలి. నెదర్లాండ్స్ అధ్యయనంలో వెలువడిన వాయువుల్లో సగానికి పైగా దాణా వల్ల వస్తే, సుమారు పావు వంతు ఇలా మండించిన గ్యాసు వల్ల వచ్చింది. ఎదిగిన లార్వాలు గుంపుగా ఉన్నప్పుడు తమంతట తామే మిగులు వేడిని వదులుతాయి, ఆ వేడిని చిన్న లార్వాల గదికి మళ్లించగలిగితే కొంత ఖర్చు తగ్గుతుందని కూడా అదే అధ్యయనం సూచించింది.

వాతావరణమే వెచ్చగా ఉన్న చోట ఈ సమస్య చాలావరకు ఉండదు. థాయ్‌లాండ్‌లో 1990ల చివర విశ్వవిద్యాలయం నుంచి రైతులకు చేరిన కీచురాళ్ల పెంపక పద్ధతి, సుమారు 20,000 పెంపక కేంద్రాలుగా విస్తరించిందని 2013లో ఆహార, వ్యవసాయ సంస్థ నమోదు చేసింది. అక్కడి కేంద్రాల మీద 2017లో వచ్చిన జీవితచక్ర అధ్యయనంలో, అంటే నెదర్లాండ్స్ అధ్యయనంలా మొదటి నుంచి చివరిదాకా భారాన్నంతా కూడే లెక్కలో, కీచురాళ్ల పర్యావరణ భారం అదే ప్రాంతపు బ్రాయిలర్ కోళ్ల భారం కంటే తక్కువగా తేలింది, ఉన్న భారంలోనూ పెద్ద వాటా దాణాదే.

ఇంకొక ఖర్చును చాలామంది మరచిపోతారు. తాజా కీచురాయి బరువులో సుమారు 70 శాతం నీరే. దాన్ని నిల్వ ఉండే పొడిగా మార్చాలంటే ఆ నీటినంతా ఆవిరి చేయాలి. గడ్డకట్టించి ఆరబెట్టే పద్ధతిలో రంగు, రుచి బాగుంటాయి గాని కరెంటు విపరీతంగా ఖర్చవుతుంది. ఆ కరెంటు బొగ్గు నుంచి వచ్చిందా, గాలి మర నుంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి అదే పొడికి రెండు వేర్వేరు ఫలితాలు వస్తాయి.

ప్రశ్న: ఇంత తంటాలెందుకు? అడవుల్లో, పొలాల్లో దొరికే కీటకాలనే ఏరుకుని తింటే సరిపోదా?

జవాబు: కొద్దిమంది, కొద్ది కాలం పాటు ఏరుకున్నంతవరకు సరిపోతుంది. సంతలో గిరాకీ పెరిగిన చోట మాత్రం సరిపోవడం లేదు. ఆఫ్రికా దక్షిణ ప్రాంతంలో మొపానే చెట్ల మీద పెరిగే గొంగళిపురుగులు వ్యాపార సరుకుగా మారాక కొన్ని చోట్ల వాటి సంఖ్య పడిపోయింది. కీటకాలు ఇప్పటికే పురుగుమందుల వల్ల, ఆవాసాల నాశనం వల్ల తగ్గిపోతున్న కాలమిది. వాటి మీద మరో భారం మోపడాన్ని నేను సమర్థించలేను.

ప్రశ్న: కోట్ల కొద్దీ పురుగులు ఒకే కప్పు కింద ఉన్నప్పుడు అవి తప్పించుకుంటే పంటల గతి ఏమిటి? వాటికి రోగాలు రావా? వాటి మలం ఏం చేస్తారు?

జవాబు: మీ మూడు ప్రశ్నల్లో రోగాల గురించిన ప్రశ్న మిగిలిన రెండింటికీ దారి చూపుతుంది, అందుకే దానితో మొదలుపెడతాను. ఇంటి కీచురాయికి ప్రాణాంతకమైన ఒక డెన్సోవైరస్ 2009–2010 కాలంలో ఉత్తర అమెరికాలోని పెంపక కేంద్రాలను తుడిచిపెట్టింది. అప్పట్లో ఆ కీచురాళ్లను ఎక్కువగా పెంపుడు బల్లులకు, కప్పలకు ఆహారంగా అమ్మేవారు. ఆ దెబ్బకు పెంపకందారులు వైరస్‌ను తట్టుకునే వేరే జాతుల కోసం వెతికి, కొందరు సరైన శాస్త్రీయ నామం కూడా స్థిరపడని కీచురాయి జాతిని సైతం అమ్మకానికి తెచ్చారు. పరాయి జాతి కీటకం కొత్త నేల మీదికి ఇలాగే చేరుతుంది. పెట్టెలోంచి ఒకటి జారిపడటం కంటే, రోగానికి భయపడి తొందరలో చేసిన ఈ రకం మార్పిడే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. పిండి పురుగు విషయంలో ముప్పు కొంత తక్కువ, ఎందుకంటే అది నిల్వ ధాన్యాన్ని ఆశించే పురుగుగా ఇప్పటికే ప్రపంచమంతటా వ్యాపించి ఉంది. మిడతల పెంపకానికి మాత్రం గట్టి తలుపులు, గట్టి నిఘా ఉండాల్సిందే.

విసర్జన సంగతి కొంత ఊరటనిచ్చేదే. అది పొడిగా, నైట్రోజన్‌తో నిండి ఉంటుంది, మంచి ఎరువుగా పనికివస్తుంది. రసాయన ఎరువు స్థానంలో వాడితే పెంపకం పర్యావరణ ఖాతాలో జమ పడుతుంది. అందులో మిగిలిపోయే క్రిములను చంపేందుకు 70 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచాలని యూరోపియన్ సమాఖ్య 2021లో నిబంధన పెట్టింది. ఆ వేడి చేయడానికి అయ్యే శక్తిని కూడా లెక్కలో రాయాలి.

ప్రశ్న: కీటకాల పొడి కలిపిన బిస్కెట్లు, పాస్తా అమ్మకానికి వచ్చాయి. నాకు వాటి రుచి మీద అభ్యంతరం లేదు. పర్యావరణం కోసమే కొనాలనుకుంటున్నాను. కొనమంటారా?

జవాబు: మీ ఉద్దేశం పర్యావరణమే అయితే, బిస్కెట్టు రూపంలో కొనవద్దనే చెబుతాను. ముందుగా ఒక హెచ్చరిక: రొయ్యలు, పీతలు పడనివారికి కీటకాలు కూడా పడకపోవచ్చు, ఎందుకంటే అలర్జీని కలిగించే ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు రెండింటిలోనూ ఉంది.

కొత్త రకం ఆహారాలను అనుమతించే యూరోపియన్ చట్టం 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాక, ఎండబెట్టిన పిండి పురుగుకు 2021లో తొలి అనుమతి లభించింది; తరువాత మిడతకు, కీచురాయికి కూడా వచ్చింది. సింగపూర్ 2024లో ఒకేసారి 16 జాతులను అనుమతించింది. పిండి పురుగుకు ఇచ్చిన ఆ తొలి అనుమతిలో బిస్కెట్లు, పాస్తా వంటి వాటిలో కలిపే పురుగుకు 10 శాతం గరిష్ఠ పరిమితి ఉంది. ఇప్పుడు ఆలోచించండి. బిస్కెట్టులో చేరిన ఆ కొద్దిపాటి పురుగు పొడి పక్కకు నెట్టింది దేన్ని? గోధుమ పిండిని. మాంసాన్ని కాదు. వేడి చేసిన గదిలో, పండించిన దాణాతో పెంచి, ఆరబెట్టి, పొడి చేసిన పదార్థం, పొలం నుంచి నేరుగా మరకు వెళ్లిన గోధుమ స్థానంలోకి వచ్చినప్పుడు, బిస్కెట్టు భారం పెరుగుతుందే తప్ప తగ్గదు.

అదే పొడి మాంసపు ముద్దలో సగానికి సగం పశుమాంసం స్థానంలోకి వస్తే కథ మారుతుంది. వారానికి రెండుసార్లు పశుమాంసం తినే మనిషి ఒకసారి దాని బదులు వేయించిన కీచురాళ్లు తింటే, ఆ మార్పుకు విలువ ఉంది. నేను అటువంటివారిని ప్రోత్సహిస్తాను. మీ భోజనంలో మాంసం లేకపోతే, పర్యావరణం పేరుతో కీటకాలను చేర్చుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

కొనదలచినవారు తయారీ సంస్థకు ఉత్తరం రాసి మూడు విషయాలు అడగండి: పురుగుకు ఏం మేపారు, ఆ మేత అంతకుముందు దేనికి ఉపయోగపడేది, గదిని వేడి చేసి పొడిని ఆరబెట్టడానికి ఏ శక్తిని వాడారు. ఇవి పెట్టె మీద దొరికే వివరాలు కావు. యూరోపియన్ సమాఖ్య అనుమతుల ప్రకారం పెట్టె మీద కీటకం శాస్త్రీయ నామం, అలర్జీ హెచ్చరిక తప్పనిసరి; ఆ పురుగు ఏం తిని పెరిగిందో రాయాలన్న షరతు వాటిలో లేదు.